మా డ్రైవింగ్ మాస్టారి ఎంట్రీ సీను

ఆ రోజుల్లో, అంటే నా జుట్టు ఇంకా నా నెత్తిమీదే ఉన్న రోజుల్లో, మిషిగన్‌లో కారు నడపడం రానివాడి బతుకు ఎంత పరాధీనమో ఇప్పటి పిల్లలకి చెబితే అర్థం కాదు. ఇప్పుడు ఫోన్‌లో నొక్కితే గుమ్మం ముందుకి కారొచ్చి నిలబడుతుంది. అప్పుడు ఇంట్లో పాలు అయిపోయినా, జుట్టు పెరిగినా, ఎవరి కారు ఎప్పుడు బయల్దేరుతుందా అని కాచుకుని కూర్చోవాల్సిందే. నోవైలో మా అపార్ట్‌మెంట్ నుంచి ఆఫీస్‌కి తొమ్మిది మైళ్ళు. బస్సు లేదు. జనవరిలో అయితే కాలిబాట కూడా మంచు కింద ఎక్కడో ఉండేది. ఇందులో నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, నేను పనిచేసేది కార్లకి బ్రేకులు తయారుచేసే కంపెనీలో. ఏ బ్రేకు ఎన్ని అడుగుల్లో బండిని ఆపుతుందో కాగితం మీద లెక్క కట్టి చెప్పగలను గానీ, స్టీరింగ్ ముందు కూర్చుంటే నా కుడికాలు బ్రేకు మీద నుంచి లేచేది కాదు. (కంపెనీ సరుకు మీద ఇంత నమ్మకం ఉన్న ఉద్యోగి ఇంకొకడు ఉండడని మా రూమ్మేటు అనేవాడు.)

ఆ రూమ్మేటు వరంగల్ వాడు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఏ సినిమా అయినా మొదటిరోజు మొదటి ఆట తప్ప చూసి ఎరగడు కనక వాణ్ణి అందరం ‘ఫస్ట్ షో’ అనే పిలిచేవాళ్ళం. రోజూ నన్ను ఆఫీస్‌లో డ్రాప్ చేసి, ఆ పుణ్యాన్ని రోజూ గుర్తు చేసేవాడు. “నిన్ను కన్నది మీ అమ్మ, తిప్పుతున్నది మాత్రం నేను రా బై” అనేవాడు. రోడ్ టెస్ట్‌లో నేను రెండుసార్లు ఫెయిలయ్యాను. మొదటిసారి పార్కింగ్ పరీక్ష కోసం నిలబెట్టిన ప్లాస్టిక్ గుర్తులు నాలుగింటినీ వరసగా పడుకోబెట్టాను. రెండోసారి పరీక్ష పెట్టినావిడ మధ్యలోనే దిగిపోయి, కారు తలుపు పట్టుకుని కాసేపు ఊపిరి పీల్చుకుని, ఒక కాగితం మీద ఫోన్ నంబర్ రాసిచ్చింది. “ఈయన దగ్గర నేర్చుకో. ఈయన వల్ల కూడా కాకపోతే సైకిల్ కొనుక్కో” అంది.

అలా దొరికారు మా మాస్టారు. ఆరడుగులు దాటిన నల్లజాతి పెద్దమనిషి. కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరై, తోచక డ్రైవింగ్ నేర్పేవారు. ఇస్త్రీ చొక్కా, గోధుమరంగు టోపీ, బుగ్గలో ఎప్పుడూ ఒక పిప్పరమెంటు బిళ్ళ. నేర్పేవాడు ఎవరైనా మనకి మాస్టారే కదా, నేను అలాగే పిలిచేవాణ్ణి. అర్థం అడిగి తెలుసుకుని, తల పంకించి, ఆ రోజు నుంచి ఆ పిలుపుకి పలికేవారు. (ఆయన మాట్లాడేది ఇంగ్లిషే. నా చెవికి ఎలా వినిపించేదో అలా తెలుగులో రాస్తున్నాను.) కారెక్కగానే తాళం తిప్పనిచ్చేవారు కాదు. ముందు నడిమివేలి కణుపుతో డాష్‌బోర్డ్ మీద, తలుపు తట్టినట్టు, రెండుసార్లు తట్టాలి. “ఎవరింటికైనా వెళ్తే చెప్పకుండా లోపలికి జొరబడతామా? కారుకీ చెప్పాలి, మనం వచ్చామని” అనేవారు. వెనక్కి తీసేటప్పుడు ఎడమ అరచెయ్యి స్టీరింగ్ మీద చపాతీ పిండి వత్తినట్టు బల్లపరుపుగా ఆనించి గుండ్రంగా తిప్పాలి. ఈ రెండూ తప్పితే పాఠం మళ్ళీ మొదటికి. ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో ఏ మాస్టారూ నన్ను ఇంత సహనంగా భరించలేదు.

ఒక శనివారం నన్ను మొట్టమొదటిసారి ఫ్రీవే ఎక్కించబోయారు. ఎక్కే దారిలో, ట్రక్కులు దూసుకుపోవడం చూసి, నా కాలు అలవాటుగా బ్రేకు మీదికి పోయింది. వెనక హారన్ల మోత. మాస్టారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి వెనకవాళ్ళకి ఆగమని సైగ చేసి, నింపాదిగా ఇంకో పిప్పరమెంటు నోట్లో వేసుకుని, “యంగ్ మాన్, నీకంటే పిరికివాణ్ణి నేను హంతకుణ్ణి చేశాను, తెలుసా?” అన్నారు. నాకు ఫ్రీవే భయం పోయి ఆయన భయం పట్టుకుంది. అప్పుడు చెప్పారు. డెబ్బైల్లో, నల్లజాతివాళ్ళే హీరోలుగా, చాలీచాలని డబ్బుతో, చకచకా తీసిన క్రైం సినిమాలు వరసగా వచ్చేవట. అలాంటిదొకటి తియ్యడానికి డెట్రాయిట్ వచ్చారు. కథ ఒక కిరాయి హంతకుడిది. డబ్బు తీసుకుని మనుషుల్ని లేపేసి, కారులో మెరుపులా మాయమైపోతాడు. చిక్కేమిటంటే ఆ హంతకుడి వేషం కట్టిన నటుడికి కారు నడపడం రాదు. పక్కన కూర్చోవడానికే భయం. అప్పుడు ఇరవైమూడేళ్ళ మాస్టారికి హీరోగారి కోటు తొడిగి, స్టీరింగ్ ముందు కూర్చోబెట్టారు. “సినిమాలో కారు కదిలిందంటే అది నేనే. మొహం కనబడకూడదు. చేతులూ, మెడ వెనకభాగమూ, అంతే. రెండు పూటలా భోజనం పెట్టారు. కోటు మాత్రం తీసేసుకున్నారు” అని నవ్వారు. నవ్వుతూనే నా చేత గేరు మార్పించి, నాకు తెలియకుండానే ఫ్రీవే మీదికి తెచ్చేశారు.

తర్వాతి పాఠాల్లో మిగతాది కూడా కొంచెం కొంచెంగా తెలిసింది, అది నవ్వుకునే సంగతి కాదు. ఆయనకి ఒక్కతే కూతురు, నర్సు. (మేం ‘అమ్మాయిగారు’ అనుకునేవాళ్ళం. నాకంటే అయిదారేళ్ళు పెద్దది.) పదకొండేళ్ళప్పుడు, ‘మా నాన్న సినిమాలో ఉన్నాడు’ అని స్నేహితుల్ని ఇంటికి పోగుచేసి, అద్దెకి తెచ్చిన క్యాసెట్ వేసిందట. టీవీ కోసం కుదించిన క్యాసెట్ అది. కారు ఛేజు మొత్తం కోసేశారు. మిగిలింది హీరో మొహం. చివర పేర్లలో మాస్టారి పేరు ఎలాగూ లేదు. పిల్లలందరూ ఒకటే నవ్వు. ఆ రోజు నుంచి, తండ్రి ఆ ఊసెత్తితే ఆవిడ గదిలోంచి లేచిపోతుంది. “అబద్ధమని ఎప్పుడూ అనదు. అంటే జవాబు చెప్పుకునేవాణ్ణి. లేచిపోతుంది” అన్నారు మాస్టారు, రోడ్డు వైపే చూస్తూ. అంత పెద్దమనిషి గొంతు అలా సన్నబడటం నేను వినడం అదే మొదటిసారి.

అందుకే, డెట్రాయిట్‌లో ఒక పాత థియేటర్‌లో ఆ సినిమా అసలు రీళ్ళు దొరికాయనీ, ఆదివారం మ్యాట్నీ ఒకే ఒక్క ఆట వేస్తున్నారనీ పేపర్లో పడ్డప్పుడు ఆయన ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నారు. కూతుర్ని మూడు వారాలు బతిమాలారు. “ఈ ఒక్కసారికి వస్తాను డాడ్. తర్వాత ఈ సంగతి మనింట్లో మళ్ళీ రాకూడదు” అందట. నన్ను కూడా రమ్మన్నారు. రమ్మంటే వెళ్ళి ఓ మూల కూర్చుని రావచ్చు కదా? మనం తెలుగువాళ్ళం! మనకి తెలిసినాయన సినిమాలో ఉండగా చేతులు ముడుచుకు కూర్చుంటే రేపు మొహం ఎత్తుకోగలమా? ఇంటికొచ్చి ఫస్ట్ షోకి చెప్పాను. వాడి కళ్ళల్లో వరంగల్ మెరిసింది.

“మస్తుగా చేద్దాం. ఎంట్రీకి పేపర్లు, విజిల్స్, గుమ్మం కాడ బ్యానర్. ఎంతమందిని దింపమంటవ్?”

ఇక్కడే నేను తప్పు చేశాను, ఇరవై ఏళ్ళయినా ఒప్పుకోక తప్పదు. నోవై తెలుగువాళ్ళందరికీ మెయిలు రాసే పని నాది. ‘మా మాస్టారి చేతులూ మెడా ఉన్న సినిమాకి రండి’ అని రాస్తే ఎవడొస్తాడు? అందుకని, ‘మా మాస్టారు హీరోగా నటించిన సినిమా’ అని రాశాను. కాస్త పెంచి చెప్పడం మన దగ్గర మర్యాదే కదా. పెళ్ళి శుభలేఖలో అబ్బాయి పెద్ద ఇంజనీరు కాకపోతే ఎవరు అక్షింతలు వేస్తారు? నలభైమంది వస్తామన్నారు. ఫస్ట్ షో ఆ మెయిలు చూసి, మాస్టారి ఫోటోతో ఆరడుగుల బ్యానరు ప్రింట్ చేయించాడు. మేం వారాంతాల్లో భోజనాలకి వెళ్ళే అక్క పులిహోర కలుపుతానంది. బావగారు వాళ్ళ ఆఫీస్‌లో మెషీన్ చీల్చి పారేసిన కాగితాలు రెండు పెద్ద సంచుల నిండా తెచ్చారు. ఊళ్ళో అయితే చేత్తో చింపుకునేవాళ్ళం, అమెరికా అభివృద్ధి అంటే ఇదేరా అన్నారు.

ఆదివారం మాస్టారు ఇస్త్రీ సూటులో, అమ్మాయిగారు ఆయన పక్కన, థియేటర్ లాబీలోకి అడుగుపెట్టేసరికి ఎదురుగా బ్యానరు. పిప్పరమెంటు బుగ్గతో నవ్వుతున్న మాస్టారు, కింద బొద్దు అక్షరాల్లో ‘మన హీరో’ అని ఇంగ్లిష్‌లో. మేమంతా చప్పట్లు. అక్క హారతి పళ్ళెంతో ముందుకొచ్చింది. (కర్పూరం వెలిగించనివ్వలేదు, ఫైర్ అలారం మోగుతుందని.) మాస్టారి మొహంలో నవ్వు సగంలో ఆగిపోయింది. అమ్మాయిగారు బ్యానరు చదివి, ఆయన వైపు తిరిగి, చాలా మెల్లిగా అంది: “ఇప్పుడు హీరో కూడా అయ్యావా, డాడ్? ఈ పిల్లలకి ఇలా చెప్పుకుంటున్నావా?”

ఆయన నా వైపు చూశారు. ‘నేనే సర్, నేనే రాశాను’ అనాల్సిన క్షణం అదే. నా కాలు మాత్రమే కాదు, నా నాలుక కూడా బ్రేకు మీదే ఉంటుందని ఆ రోజు తెలిసింది. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని లోపలికి నడిచారు. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయేదే. కానీ ఇద్దరూ ఒకే కారులో వచ్చారు, తాళాలు ఆయన జేబులో ఉన్నాయి.

ఆట మొదలైంది. మా నలభైమంది కాక, పాత సినిమాల మీద భక్తితో నోట్‌బుక్కులు పట్టుకొచ్చినవాళ్ళు ఓ ముప్పైమంది ఉన్నారు. అయిదో నిమిషంలో తెరమీద వానలో ఒక తలుపు తెరుచుకుని, పొడుగాటి తోలుకోటులో ఒకాయన బయటికొచ్చాడు. “గదే మాస్టారు! ఆ హైట్ చూడు బై!” అని అరిచాడు ఫస్ట్ షో. నేను వాడి చొక్కా పట్టుకుని లాగేలోపే రెండు సంచులూ గాల్లో ఖాళీ అయిపోయాయి. విజిల్స్, కేకలు, సీట్ల మీద ఎక్కి గంతులు. చీలికల కాగితం ప్రొజెక్టర్ వెలుగులో జడివానలా కురిసింది. ముందు వరుసలో ఒక గడ్డం ఆయన నోట్‌బుక్కుని నెత్తిన పెట్టుకున్నాడు. సినిమా ఆగి, లైట్లు వెలిగాయి. మేనేజరమ్మ చీపురుతో సహా దిగివచ్చింది. ఆ నిశ్శబ్దంలో అమ్మాయిగారు లేచి నిలబడ్డారు. జుట్టు నిండా కాగితాలు.

“ఆ తెరమీది మనిషి మా నాన్న కాదు. మా నాన్న ఈ సినిమాలో ఎక్కడా లేడు. అందరూ తెలుసుకోండి” అన్నారు.

మాస్టారు కూర్చున్నచోటనే, “మేడమ్, ఈ పిల్లల్ని ఏమీ అనకండి. నేనే రమ్మన్నాను” అన్నారు మేనేజరమ్మతో. అది విన్నాక ఇంక కూర్చోలేకపోయాను. లేచాను. నోరు పెగుల్చుకుని, నా ఇంగ్లిష్ సంగతి మర్చిపోయి, చెప్పాను. “ఆయన హీరో అని ఎప్పుడూ చెప్పలేదు. డ్రైవ్ చేశానని చెప్పారు, అంతే. హీరో అని రాసింది నేను. జనం రారని రాశాను. అబద్ధం నాది, ఆయనది కాదు.” నలభైమంది తెలుగువాళ్ళూ నావైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద తగులుతూ ఉంటుంది. అమ్మాయిగారు నన్ను ఎగాదిగా చూసి, కూర్చున్నారు. నమ్మారని కాదు, తాళాలు ఇంకా ఆయన జేబులోనే ఉన్నాయి. మేనేజరమ్మ తీర్పు చెప్పింది. ఇంకొక్క విజిల్ వినబడితే వేసినవాడు బయటికి. ఆట అయ్యాక హాలంతా మేమే ఊడవాలి.

తర్వాత గంటసేపు మా వాళ్ళు బడిపిల్లల్లా కూర్చున్నారు. తెరమీద హంతకుడు ఒకణ్ణి లేపేశాడు, ఇంకొకణ్ణి లేపేశాడు, ఒకావిడని ప్రేమించాడు. నాకేమీ పట్టలేదు. అప్పుడు, పోలీసులు వెంటపడుతుండగా, హీరో పరుగెత్తుకొచ్చి కారు తలుపు తీశాడు. దృశ్యం మారింది. వెనక సీట్లోంచి తీసిన దృశ్యం. ఒక మెడ, స్టీరింగ్ మీద రెండు చేతులు. వెనక సైరన్లు. ప్రాణం మీదికొచ్చిన ఆ సమయంలో కుడిచెయ్యి పైకి లేచి, నడిమివేలి కణుపుతో, డాష్‌బోర్డ్ మీద నింపాదిగా రెండుసార్లు తట్టింది.

ఆ తర్వాత ఎడమ అరచెయ్యి చపాతీ పిండి వత్తినట్టు స్టీరింగ్ మీద ఆని గిర్రున తిరిగింది, కారు వెనక్కి దూసుకుపోయింది. నాలుగు నెలలు ఆ చేతుల పక్కన కూర్చున్నవాణ్ణి. నాకింక ఏ మేనేజరమ్మా గుర్తురాలేదు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, బయటికి పంపినా సరే అని, జన్మలో వెయ్యనంత విజిల్ వేశాను. హాలంతటికీ అదొక్కటే విజిల్. అది ఆగేసరికి ముందు వరుసలో ఇంకో చప్పుడు. అమ్మాయిగారు లేచి నిలబడి ఉన్నారు. “అవి మా నాన్న చేతులు,” అన్నారు ముందు గొణుగుతూ. తర్వాత అందరికీ వినబడేలా, “అవి మా నాన్న చేతులు! నాకు డ్రైవింగ్ నేర్పిన చేతులు!” ఫస్ట్ షో సంచుల కోసం వెతుక్కున్నాడు. ఒక్క కాగితం ముక్క లేదు, అన్నీ పరాయివాడి మీద పోసేశాం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కిందనున్నవి ఏరుతున్నాడు. ఈలోపు అమ్మాయిగారు ఒళ్ళోని పాప్‌కార్న్ డబ్బా రెండు చేతులా ఎత్తి, మొత్తం తండ్రి నెత్తిన కుమ్మరించేశారు.

మా వాళ్ళకి అంతకంటే అనుమతి ఏం కావాలి? “వన్స్ మోర్!” అని మొదలుపెట్టారు. పాట నచ్చినా ఫైటు నచ్చినా మన హాళ్ళలో రీలు మళ్ళీ వేయించుకునే అలవాటు. మేనేజరమ్మ ఆ కోరిక పుట్టి బుద్ధెరిగి విని ఉండదు. నన్ను బయటికి గెంటడానికి వచ్చిన మనిషి, మాస్టారినీ తెరనీ మార్చిమార్చి చూసి, “ఆట అయ్యాక ఆ రీలు మళ్ళీ వేస్తాను. ముందు కూర్చోండి” అంది. వేసింది కూడా. ఈసారి నోట్‌బుక్కుల గడ్డం ఆయన కూడా, తెరమీది చేతితోపాటే, కుర్చీ చేతి మీద రెండుసార్లు తట్టాడు.

తర్వాత అందరం హాలు ఊడ్చాం. అక్క పులిహోర డబ్బాలు విప్పి మేనేజరమ్మకీ పెట్టింది. మాస్టారు వద్దన్నా వినకుండా చీపురు తీసుకున్నారు. నేను ఆయన దగ్గరికెళ్ళి క్షమించమన్నాను. “టర్న్ ఆలస్యంగా తీసుకున్నావు, యంగ్ మాన్. కానీ తీసుకున్నావు” అన్నారు. పక్క వరుసలో అమ్మాయిగారు వంగి పాప్‌కార్న్ ఏరుతూ, తల ఎత్తకుండానే అన్నారు: “ఆ క్యాసెట్‌లో అది లేదు డాడ్. నిజంగా లేదు.” “నాకు తెలుసమ్మా. అందుకే నిన్ను ఎప్పుడూ తప్పుపట్టలేదు,” అన్నారాయన. ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చేసింది. నేను గబగబా ఇంకో వరుస ఊడవడానికి వెళ్ళిపోయాను. నాకూ కళ్ళు మండాయి. (పాప్‌కార్న్ ఉప్పు అని ఫస్ట్ షోకి చెప్పాను.) ఆ వచ్చే వారమే మూడోసారి రోడ్ టెస్ట్‌కి వెళ్ళాను. ఒక్క ప్లాస్టిక్ గుర్తు కూడా పడలేదు. తిరిగి వచ్చేటప్పుడు మాస్టారు పక్క సీట్లో నిద్రపోయారు. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకు ఎక్కడా దొరకలేదు.

మాస్టారు పోయి ఏడేళ్ళయింది. ఆ సినిమా మళ్ళీ ఎక్కడా వెయ్యలేదు. రీళ్ళు పాడైపోయాయని విన్నాను. నెట్‌లో దొరికేది ఆ కోసేసిన క్యాసెట్ కాపీయే. మా అమ్మాయికి పదహారేళ్ళు. దానికి డ్రైవింగ్ నేర్పుతూ ఈ కథ చెప్పి, ఆ కాపీ చూపిస్తే, మొత్తం ఓపిగ్గా చూసి, “నాన్నా, ఇందులో కార్ సీనే లేదు కదా. స్టోరీ బాగుంది, బట్ కమాన్!” అని లేచి వెళ్ళిపోయింది. అబద్ధమని అనలేదు. లేచి వెళ్ళిపోయింది. అప్పుడు తెలిసింది మాస్టారి గొంతు ఎందుకు సన్నబడిందో.

మొన్న దాని రోడ్ టెస్ట్‌కి తీసుకెళ్ళాను. పరీక్ష పెట్టేవాడు పక్కన కూర్చున్నాడు. నేను కాస్త దూరంలో, చలిలో చేతులు నలుపుకుంటూ నిలబడ్డాను. అది సీటు సర్దుకుంది, అద్దం సర్దుకుంది, తాళం మీదికి పోయిన చెయ్యి ఆగింది. పైకి లేచి, డాష్‌బోర్డ్ మీద రెండుసార్లు తట్టింది. నన్ను చూడలేదు, నాకోసం చెయ్యలేదు. చెయ్యి దానంతట అదే చేసింది. పార్కింగ్ లాట్‌లో పదిమంది ఉన్నారని కూడా చూసుకోకుండా నేను రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఊదాను. యాభైకి దగ్గరపడిన నోరు, పై పన్నొకటి కట్టించుకున్నది. గాలి తప్ప చప్పుడు రాలేదు. అయినా అలాగే ఊదుతూ నిలబడ్డాను, కారు మలుపు తిరిగేదాకా.